తూకం కేక

"నూట పద్నాలుగు కిలోలు" అని ఆత్మారాం గట్టిగా కేక వేశాడు.

ఆస్పత్రి వరండాలో అతని కూతురు నవత తూకం మిషను మీద నిలబడి ఉంది. ఎంతుందో చూసి చెప్పమన్నది నర్సే. పసుపు యార్డులో అతనిది కాంటా పని. అక్కడ తూకం అందరికీ వినపడేటట్టు చెప్పాలి.

బెంచీ మీద ఒకామె నవ్వింది. "పసుపు తూస్తున్నవా, అన్నా?"

నవత దిగి చెప్పులు వేసుకుంది. "మోకాలు నొస్తే నొయ్యనీ. ఇంటికి పోదాం, బాపు."



కేక విని డాక్టరమ్మ బయటికి వచ్చింది. "మిషను గిట్ల నలుగురి ముందట పెట్టుడు మాది తప్పు, అక్కా" అంటూ తానే దాన్ని ఎత్తి గదిలోకి తీసుకుపోయింది. "ముందుగాల మోకాలు చూస్తా. తూకం చూడాల్నా వద్దా నువ్వే చెప్పు. చూసినా మనిద్దరికే ఎరుక."

నవత కాసేపు అక్కడే నిలబడి, చెప్పులు మళ్లీ విడిచింది. వెంట రాబోయిన తండ్రితో, "నువ్వు ఈడనే ఉండు, బాపు" అంది.

తలుపు మూసుకుంది.

"ఇందాక ఎన్ని కిలోలంటివి, అన్నా?" బెంచీ మీదామె మళ్లీ అడిగింది.

ఆత్మారాం నేల వైపు చూశాడు.

"యాదికి లేదు" అన్నాడు మెల్లగా.