మొక్కకు వేసిన మందు

సిడ్నీ నుంచి మా ఆదివాసీ పల్లెకు వచ్చిన దొర, మా మేనత్త డల్సీ వేస్తున్న మందాకుల బొమ్మ పక్కన కూర్చుని ఒకటే దగ్గుతున్నాడు.

"ఈ బొమ్మ ఏ రోగానికమ్మా?"

"దగ్గుకు ఆకు మంచిదయ్యా. నీకోసమే కాచాను, తాగు. వద్దంటే ఈము పక్షి కొవ్వులో నూరింది ఉంది, ఛాతీకి రాసుకో."

వాసన చూసి అతను మొహం తిప్పుకున్నాడు. రంగు ఆరగానే బొమ్మ కొనుక్కుని, దగ్గుకుంటూనే వెళ్లిపోయాడు.

రెండు నెలలకు ఉత్తరం వచ్చింది. బొమ్మను మంచానికి ఎదురుగా తగిలించాడట, అయినా దగ్గు తగ్గలేదట. ఇంకాస్త పెద్ద బొమ్మ కావాలట!

నేను పడీపడీ నవ్వాను. "బొమ్మకు దగ్గు పోతుందా అత్తా? పిచ్చోడు కాకపోతే!"

అత్త నవ్వలేదు. "అది మనుషులకు వేసింది కాదే. మనం దూసిన ఆకు మళ్లీ రావాలని మొక్కకు వేసింది."

వాగు పక్కన మేం ఆకు దూసిన పొదలన్నీ ఇంకా మోడుగానే ఉన్నాయి.

"మరి చిగురు రాలేదేం?" అన్నాను.

"ఎలా వస్తుందే? దాని మందు ఆ దగ్గులోడి గోడ మీదుంటే!"