ఇంటి చూపులు

శనివారం పదకొండింటికి ఇల్లు చూడటానికి మిసెస్ లవరిడ్జ్ వస్తోందని ఏజెంటు ప్రిడ్డీ ఫోన్లో చెప్పగానే హెస్టర్ కుర్చీలో కూలబడింది.

"ఆవిడ మీద ఆశ పెట్టుకోకండి మేడమ్," అన్నాడు ప్రిడ్డీ. "డెబ్భై రెండేళ్ళావిడ. కొనే రకం కాదు. బాత్ ఊళ్ళో అమ్మకానికొచ్చిన ప్రతి ఇల్లూ చూసేసింది. కొంతమందికి తోటపని పిచ్చి, ఈవిడకి ఇళ్ళు చూసే పిచ్చి. ఉత్త టైము దండగ. రద్దు చేసేయనా?"

"వద్దు. రానివ్వండి," అంది హెస్టర్.

ప్రిడ్డీకి ఈ ఇంటితో తలప్రాణం తోకకొచ్చింది. ఇల్లు చూస్తే వంక పెట్టడానికి లేదు. రెండువందల యాభై ఏళ్ళ కిందట, వేడినీళ్ళ స్నానాలకొచ్చే గొప్పవాళ్ళ కోసం కట్టిన ఇళ్ళ వరసలో కొసది. తేనెరంగు రాయి, నిలువెత్తు కిటికీలు, అయిదంతస్తులూ చుట్టుకుంటూ ఎక్కే రాతిమెట్లు. ఇల్లు అమ్మబడునని బోర్డు పెట్టిన నెలలోనే రెండు మంచి బేరాలొచ్చాయి. హెస్టర్ రెండూ కాదంది. ఎందుకని అడిగితే చెప్పదు. భర్త పోయిన మనిషి, ఇల్లు వదల్లేకపోతోంది పాపం అని ప్రిడ్డీ తనకు తనే సర్దిచెప్పుకున్నాడు.

దానికితోడు ఇంకో పేచీ. ఎవరైనా చూడటానికొస్తే ఇంటివాళ్ళు ఓ గంట ఎటైనా పోవాలి. అది అక్కడి మర్యాద. ఇంటావిడ ఎదురుగా నిలబడితే వచ్చినవాళ్ళు నోరారా వంకలెలా పెడతారు? కాలవ గట్టున కాసేపు నడిచి రమ్మని ప్రిడ్డీ ఎన్నిసార్లు బతిమాలాడో లెక్కలేదు. హెస్టర్ కదిలితేగా. ఎవరొచ్చినా తలుపు తనే తీసేది.

ఆ శనివారం యాభై మూడేళ్ళ హెస్టర్ మూడుసార్లు గౌను మార్చుకుంది. తుడిచిన అద్దాలే మళ్ళీ తుడిచింది. బజారుకెళ్ళి పంచదార పలుకులు చల్లిన వేడివేడి బన్నులు తెచ్చింది. ఈ ఒక్క మనిషికి నచ్చాలి. ఇవాళ వచ్చిన మనిషి మళ్ళీ రావాలి. అంతకుమించి ఆమెకేమీ అక్కర్లేదు.

మిసెస్ లవరిడ్జ్ గడియారం గంట కొడుతుండగా వచ్చింది. పిట్టంత మనిషి. నీలం వానకోటు, చురుకైన కళ్ళు. ప్రిడ్డీ తన పాఠం మొదలుపెడితే సగంలోనే ఆపేసింది.

"ఆ పైకప్పు లోపలి పూల నగిషీ పాతది కాదు నాయనా. నిన్నో మొన్నో పోత పోసి అతికించారు. ఎవరికి చెబుతావు?"

ప్రిడ్డీ మొహం కందగడ్డయింది. హెస్టర్ పకపకా నవ్వింది. ఆ ఇంట్లో ఆమె నవ్వు ప్రిడ్డీ వినడం అదే మొదలు.

ముసలావిడ ప్రతి గదీ తిరిగింది. కిటికీల చెక్కతలుపులు తట్టి చూసింది. కిటికీ గట్టు మీద వేలితో రాసి దుమ్ముందేమో చూసుకుంది. హెస్టర్ మాత్రం గదుల వైపు చూడలేదు. ఆవిడ వెనకే నడిచింది. ఎక్కడ ఆగితే అక్కడ ఆగింది.

పై అంతస్తులో ఓ చిన్న గది ఉంది.

"పిల్లల గదా?" అని అడిగింది మిసెస్ లవరిడ్జ్.

"ఒకప్పుడు అయ్యుండొచ్చు. నాకు పిల్లల్లేరు," అంది హెస్టర్. "మీకో?"

"లేరు," అంది ఆవిడ కిటికీలోంచి కొండ కేసి చూస్తూ. "నాకా యావ ఎప్పుడూ లేదు."

మెట్లు దిగేటప్పుడు హెస్టర్ పక్క కడ్డీ గట్టిగా పట్టుకుంది. అంత బాధగా ఉంది.

కింద టీ పోసి ఇచ్చింది. బన్ను ఒద్దన్నా వినకుండా ప్లేటులో పెట్టింది. ముసలావిడ సగం తిని, వేళ్ళకంటిన పంచదార తుడుచుకుంది.

"ఇంత చక్కటి ఇల్లు ఎందుకమ్ముకుంటున్నావమ్మాయీ?"

"ఒక్కదాన్నీ ఉండలేక."

"అలవాటైపోతుందిలే. నాకు కాలేదూ?" అని లేచి కోటు గుండీలు పెట్టుకుంది.

హెస్టర్ కూడా లేచింది. "ఇంకోసారి రండి," అంది గబగబా. "సాయంత్రం ఎండలో ఈ గది ఇంకా బావుంటుంది. కొనకపోయినా ఫర్వాలేదు. ఊరికే రండి."

అమ్ముకునే మనిషి ఇలా మాట్లాడటం ప్రిడ్డీ తన ఇరవయ్యేళ్ళ వృత్తిలో వినలేదు.

మిసెస్ లవరిడ్జ్ నవ్వింది. "నేను ఏ ఇల్లయినా ఒక్కసారే చూస్తానమ్మాయీ. రెండోసారి వస్తే మీకు లేనిపోని ఆశ పెట్టినట్టవుతుంది."

మర్యాదగా చెయ్యి కలిపి, టీ బావుందని చెప్పి, వీధి దిగి వెళ్ళిపోయింది. నీలం కోటు మూల తిరిగేదాకా హెస్టర్ కిటికీ దగ్గరే నిలబడింది. తర్వాత అక్కడే, పరాయి మనిషి ఎదురుగా, వెక్కి వెక్కి ఏడ్చింది.

ప్రిడ్డీకి ఏం చెయ్యాలో పాలుపోలేదు. ముందే చెప్పానుగా అన్నాడు. వెళ్ళినావిడ వెళ్ళింది, మొదట బేరానికొచ్చిన లండన్ దంపతులు ఇంకా సిద్ధంగానే ఉన్నారు, సోమవారం మాట్లాడి ఖాయం చేసేస్తానన్నాడు.

"బోర్డు తీయించేయండి ప్రిడ్డీ గారూ," అంది హెస్టర్ కళ్ళు తుడుచుకుని. "ఇక దాంతో పనిలేదు."

పుట్టగానే తనను దత్తతిచ్చేసి, పెద్దయ్యాక రాసిన మూడు ఉత్తరాలనూ విప్పకుండానే తిప్పి పంపిన కన్నతల్లి, అమ్మకానికున్న ఇల్లంటే మాత్రం ఏ గడపైనా తొక్కుతుందని తెలిశాక హెస్టర్ పెట్టించిన బోర్డది.