తెల్ల పెట్టె, నల్ల పెట్టె

“నీ తెల్ల పెట్టె ఇంగ మూసేయి జూలీ! డోలు కొట్టే ఆట, చేపలు పట్టే ఆట ఎవురికి కావల్ల? మొగోళ్ళ ఆటంటే నా నల్ల పెట్టెలో ఉండాది,” అన్నాడు జెరాల్డ్ గడపలో నిలబడి.

బంగారు గనుల ఊరు చాంపియన్ రీఫ్స్‌లో ఒకే వరండాలో పక్కపక్కనే రెండు గేమ్ షాపులు. జెరాల్డ్ గదిలోని నల్ల వీడియోగేమ్ పెట్టెలో తుపాకులు, నెత్తురు. తలుపు మీద ‘పద్దెనిమిదేళ్ళు దాటినవాళ్ళకే’ అని బోర్డు. ఆ బోర్డు చూసే కుర్రకారంతా అక్కడ పడి చచ్చేవాళ్ళు. జూలీ గదిలోని తెల్ల పెట్టెలో అమ్మా నాన్నా పిల్లలూ కలిసి ఆడుకునే ఆటలు. ఆదివారం చర్చి నుంచి వచ్చే ఒకటి రెండు కుటుంబాలు తప్ప మిగతా రోజుల్లో ఈగలే.

రెండు గదుల సొంతదారు చిన్నవెంకటమ్మ వరండాలోనే కుర్చీ వేసుకుని కూర్చుంది. “మీ ఇద్దురి గలాటాతో నా తల పగిలిపోతా ఉండాది. ఇంగ ఒకే షాపు. ఈ పొద్దు మునిగేలోగా ఎవురి గదిలో జనం ఎక్కువుంటే వాళ్ళది ఉంటాది. ఇంగొకరు ఖాళీ చెయ్యండి,” అని తేల్చేసింది.

జూలీ ఇల్లు గడిచేది ఆ గది మీదే. ఇప్పుడా గదిలో ఉన్నది ఒక తల్లీ, ఇద్దరు పిల్లలూ, జూలీని ఇంటికి తీసుకెళ్ళడానికి వచ్చిన తాత అంతోనీ. ఆ తాతకు ఊళ్ళో పొగరుబోతని పేరు. వెనకనుంచి ఎవరు పిలిచినా తిరిగి చూడడు మరి!

జూలీకి ఎక్కడలేని తెగువ వచ్చింది. “అన్నా, మొగోళ్ళ ఆటాడే చేతులు కదా నీవి. మా డోలు ఆటలో మా తాత మీద గెలువు చూద్దాం!”

జెరాల్డ్ విరగబడి నవ్వాడు. ఆ నవ్వుకే పక్క గదిలోంచి నలుగురు కుర్రాళ్ళు తొంగి చూశారు.

ఆట తేలికే. తెర మీద బొమ్మ డోలు వాయిస్తుంది. రెండు చేతుల్లో రిమోట్లు పట్టుకుని అదే వరస తిరిగి వాయించాలి. రౌండు రౌండుకీ దెబ్బలు పెరుగుతాయి. జెరాల్డ్ పదకొండు రౌండ్లు లాగించి పన్నెండులో తడబడ్డాడు. “పదకొండు! ముసలాయన మూడు దాటితే గొప్ప,” అన్నాడు చెమట తుడుచుకుంటూ.

జూలీ తాత ఎదుటికి వెళ్ళి, ముఖంలోకి చూస్తూ నిదానంగా సంగతి చెప్పింది. అంతోనీ తల ఊపాడు. చెప్పులు విడిచి, బెంచీ మీద కూర్చుని, నేల మీదున్న పెద్ద స్పీకరు మీద పాదం పెట్టాడు.

“చూసినారా పొగరు! స్పీకరు మీదే కాలు!” అన్నాడు జెరాల్డ్. “గనిలో గంట కొట్టేటప్పుడూ ఇంతేనంట. బూట్లు ఇప్పేసి వట్టి కాళ్ళతో ఇనప రేకు మీద నిలబడేవాడంట. ఆఫీసర్లు ఎన్ని మెమోలిచ్చినా వింటేనా!”

ఆ వెంటనే అతని గొంతు దానంతటదే తగ్గింది. “కానీ ఒక్క గంట తప్పలేదంటప్పా. కింద వైరు లాగితే పైన ఆ రేకు మీద సుత్తి పడతాది. అది ఎన్ని దెబ్బలో ఈయన అన్నీ తిరిగి కొడితేనే మనుషుల్ని దించే ఇనప బోను, అదే కేజి, కదిలేది. ‘అంతోనీ పైనుంటే నిద్రపోతా కేజి ఎక్కొచ్చు’ అనేవాడు మా నాయన.”

అయిదు రౌండ్లు. పది. పన్నెండు. పక్క గదిలోంచి ఒక్కొక్కరే ఇటు వచ్చేస్తున్నారు. జెరాల్డ్‌కు ఉక్రోషం ఆగలేదు. “తెర చూసి కొడతా ఉండాడు! డోలు మోగినప్పుడల్లా బొమ్మ వెలుగుతాది కదా! తెరకి వీపు పెట్టమను!”

జూలీ తాత భుజాలు పట్టి వెనక్కి తిప్పి కూర్చోబెట్టింది. ఆయన కళ్ళు మూసుకుని, మడమ స్పీకరుకు ఆనించాడు.

పదిహేను. పద్దెనిమిది. గది నిండి వరండా కూడా నిండింది. చిన్నవెంకటమ్మ కుర్చీలోంచి లేచి నిలబడింది. ఇరవయ్యో రౌండులో డోలు ఉరికింది, ఆగింది, మళ్ళీ ఉరికింది, దెబ్బకూ దెబ్బకూ మధ్య అడ్డదిడ్డంగా సందులు వదిలింది. అబ్బ, ఎవరికైనా ఎలా గుర్తుంటుంది! అంతోనీ మొత్తం అయ్యేదాకా ఆగి, తొందర లేకుండా, ఒక్క దెబ్బ పోకుండా తిరిగి వాయించాడు. తెర మీద పూలవాన కురిసింది. ఆట అయిపోతే అలా పూలు పడతాయని షాపు నడిపే జూలీకే తెలియదు. ఒక కుర్రాడు గబగబా శిలువ గుర్తు వేసుకున్నాడు. పక్క గదిలో తుపాకులు వాటంతటవే పేలుతున్నాయి.

“జెరాల్డూ, నీ గదిలో ఎవురన్నా ఉండారేమో పోయి చూసి రాప్పా,” అంది చిన్నవెంకటమ్మ. చూడక్కర్లేదని అందరికీ తెలుసు. “ఇంగ గది జూలీదే.”

జెరాల్డ్‌కు ఆ మాట ఎక్కనే లేదు. ఒళ్ళంతా పులకరించి ముసలాయన వెనక్కి వెళ్ళి నిలబడ్డాడు. “తాతా! ఏం చెవులు తాతా నీవి! దండం పెట్టల్ల ఆ చెవులకి!”

అంతోనీ తిరిగి చూడలేదు.

“చూడు, ఇప్పుడు కూడా పలకడు. ఎంత పొగరు!”

“పొగరు కాదన్నా,” అంది జూలీ, వంగి తాత కాళ్ళ దగ్గర చెప్పులు సర్దుతూ. “అప్పుడు చెప్తే పని పోతాదని చెప్పలేదు, ఇప్పుడు చెప్తే ఎవురూ నమ్మరని చెప్పలేదు. గని లోపల బండ పేలి రెండు చెవులూ పోయినాకనే తాత ఆ గంటల పనికి వచ్చినాడు. ఇరవై ఏండ్లు మీ నాయన్ని దించిందీ, ఎక్కించిందీ ఈ పాదాలే.”