అవతలి గది

మళ్లీ తెర నల్లబడింది.

నాగేశ్ చేతిలోని పిడిని వదిలేసి కుర్చీకి ఆనుకున్నాడు. అంతరిక్ష కేంద్రం తలుపు ఇంకో నాలుగు గజాల దూరంలో ఉందనగా ప్రతిసారీ ఇంతే. ఒకరోజు దూరం చూపే అంకెలు తప్పు చెబుతాయి. ఇంకోరోజు దీపం ఆరిపోతుంది. ఇవాళ తెరే పోయింది.

ఇదంతా నేల మీద జరిగే సాధనే. అసలు ప్రయాణం ఇంకా ముందుంది. ఇద్దరే మనుషులు వ్యోమనౌకలో వెళ్లి, పైన తిరుగుతున్న చిన్న కేంద్రానికి నౌకను అతికించాలి. నడిపేవాడు నాగేశ్. తోడు రేఖ.

"మళ్లీ ఆయనేనా?" అన్నాడు నాగేశ్.

"ఇంకెవరు? మనల్ని ఏడిపించడానికే ఆయనకు జీతం ఇస్తున్నట్టున్నారు" అంది రేఖ.

ఆయన పేరు ఆశీర్వాదం. యాత్రకు పథకం వేసే విభాగంలో పెద్ద. అవతలి గదిలో ఒక్కడే కూర్చుని, ఏ రోజు సాధనలో ఏది చెడిపోవాలో నిర్ణయించేవాడు. క్యాంటీన్‌లో ఆయన కూర్చున్న బల్ల దగ్గరికి ఎవరూ వెళ్లేవారు కాదు. ఆయనా ఎవరినీ పిలిచేవాడు కాదు.

ఆ రోజు మాత్రం నాగేశ్ ఆగలేకపోయాడు. విసురుగా అవతలి గది తలుపు తోశాడు.

"మా మీద ఏం పగ సార్ మీకు?"

ఆశీర్వాదం చెవులకున్న హెడ్‌ఫోన్స్ తీశాడు. "పగ ఏంది? నీది వనపర్తే గద?"

"అవును."

"మాది గట్టు."

నాగేశ్‌కు ఊర్ల ముచ్చట పట్టలేదు. "ఒక్కసారన్న సక్కగ పోనియ్యరు సార్. నిన్న కింద నుంచి దారి చెప్పేటోళ్ల మాట వినపడకుండ చేసిండ్రు. ఇయ్యాల తెర బంద్ చేసిండ్రు. పైన గిట్ల జరుగుతదా?"

"జరగొద్దనే కోరుకుంట."

"మరెందుకు గీ పరేషాన్?"

"అంతా సక్కగ పోతే నీతోని పనేముంది? నౌకనే పోయి అతుక్కుంటది." ఆయన పక్కనున్న కుర్చీ మీది కాగితాలు తీసి కింద పెట్టాడు. "కూసో. చాయ్ తాగుదం."

నాగేశ్ కూర్చోలేదు. తలుపు విసురుగా వేసి వచ్చేశాడు. ఆ తర్వాత ఆయన ఎదురుపడ్డా తల తిప్పుకునేవాడు.

వేసవి దాటాక నౌక పైకి వెళ్లింది.

కేంద్రం దగ్గరైంది. కిటికీలోంచి దాని తలుపు మీది తెల్లటి గుర్తు కనిపిస్తోంది. ఉన్నట్టుండి చెవిలో నేల మీది వాళ్ల మాటలు ఆగిపోయాయి. తెర మీద అంకెలు కదలడం మానేశాయి.

"నాగేశ్, కిందివాళ్లు పలకడం లేదు!"

నాగేశ్ చెయ్యి అప్పటికే కదిలింది. నౌక నిలిచింది. కిటికీలోంచి ఆ గుర్తును చూశాడు. కొంచెం ఎడమకు జరిగాడు. ఆగాడు. మళ్లీ చూశాడు. మెల్లగా, నిద్రపోతున్న పసిపాప పక్కన ఒదిగినట్టు, నౌకను ముందుకు జరిపాడు.

చిన్న కుదుపు. కొక్కేలు పట్టుకున్నాయి.

రేఖ కళ్లు తుడుచుకుంది. "భయం వేయలేదా నీకు?"

"లేదు" అన్నాడు నాగేశ్. తనలో తను చెప్పుకున్నట్టు అన్నాడు. "ఇది ఎన్నోసార్లు చేసిందే కదా."

ఆ మాట తన నోటి నుంచి వచ్చాకే అతనికి తెలిసింది, అది ఎవరి పుణ్యమో. ఆ పూట రేఖ నిద్రపోయింది. అతను మాత్రం కిటికీ దగ్గరే ఉండిపోయాడు. ఎవరికో ఒక మాట చెప్పాలని ఉంది. చెప్పడానికి ఆ మనిషి అక్కడ లేడు.

దిగి వచ్చాక ముందుగా అవతలి గదికే వెళ్లాడు. కుర్చీలో వేరెవరో ఉన్నారు.

"ఆశీర్వాదం గారా? మీరు పైకి వెళ్లిన రోజే ఉద్యోగం మానేసి ఊరికి వెళ్లిపోయారు."

వెంటనే వెళ్లాలనుకున్నాడు. వైద్య పరీక్షలు పూర్తయ్యేదాకా డాక్టర్లు వదల్లేదు. ఆపైన సన్మానాలు. వనపర్తిలో ఊరేగింపు, నాగర్‌కర్నూల్ కాలేజీలో సభ. రేపు, ఎల్లుండి అనుకుంటూనే రోజులు గడిచిపోయాయి.

చివరికి ఒక ఉదయం గద్వాలలో బస్సు దిగి గట్టుకు ఆటో ఎక్కాడు.

ఊరి చివర చిన్న ఇల్లు. అరుగు మీద ఒక ముసలామె పల్లికాయలు వొలుస్తోంది.

"ఆశీర్వాదం సార్ ఇల్లు ఇదేనా అమ్మా?"

"ఇదే. నేను ఆయన అక్కను, భాగ్యమ్మను. నువ్వెవరు బిడ్డా?"

"నాగేశ్‌ను. వనపర్తి."

ఆమె చేట పక్కన పెట్టి అతని ముఖంలోకి చూసింది. "నువ్వేనా! జర లేటుగ వచ్చినవు బిడ్డా. పోయిన ఆదివారమే సమాధి చేసినం."

నాగేశ్ చెప్పులు విడిచి అరుగు అంచున కూర్చున్నాడు.

"మా ఆఫీసు నుంచి ఎవరన్న వచ్చిండ్రా?"

"ఎవరొస్తరు? పెండ్లి లేకపాయె, పిల్లలు లేకపాయె. ఈడికొచ్చినంక గూడ ఒక్కడే కూసునేటోడు." ఆమె కొంగుతో కళ్లద్దుకుంది. "నువ్వు పైన నౌకను అతికిచ్చిన దినం టీవీ పెడదమంటే వద్దన్నడు. 'వానికి ఎరుకే అక్కా, నేను చూసుడెందుకు' అన్నడు."

నాగేశ్ తల వంచుకున్నాడు. "ఆయన్ను మస్తు తిట్టుకున్న అమ్మా. ఒక్కనాడన్న పక్కన కూసోలేదు. నా మీద పగబట్టిండనుకున్న."

"పగనా?" భాగ్యమ్మ విస్తుపోయింది. "నీకు ఎవ్వరు చెప్పలేదా?"

"ఏంది?"

"మొదలు పైకి పోవాల్సినోడు మా తమ్ముడే గద బిడ్డా! కన్ను మసకబారుతుందని దవాఖానోళ్లకు తెల్వకముందే తనే చెప్పి, 'నా జాగల నాగేశ్‌ను కూసోబెట్టుండ్రి' అని వాళ్లను బతిమాలిండు."