తాళం వేసిన ఫైలు

మార్చి పదిహేడు. రెండు బిస్కెట్లు, అరగ్లాసు పాలు. ఆ బలంతోనే తాళాలాయన అరవై ఆరో ఏట తన మొదటి దొంగతనానికి దిగాడు.

ఆయన కన్ను పడింది డబ్బు మీదో నగల మీదో కాదు. ఆస్పత్రిలో, డాక్టరుగారి గదిలో, బీరువాలో ఉన్న తన ఫైలు మీద. తను ఇంకెన్నాళ్ళుంటాడో అందులో రాసి ఉంటుందని ఆయన నమ్మకం.

కడుపులో గడ్డ అని తేలి నాలుగు నెలలైంది. నెలకొకటి చొప్పున ఎనిమిది ఇంజక్షన్లన్నారు, మూడు అయ్యాయి. "మందు పనిచేస్తోందండీ, గడ్డ తగ్గుతోంది" అని డాక్టరు చెప్పిన ప్రతిసారీ ఈయన తలూపి, ఇంటికొచ్చి గోడవైపు తిరిగి పడుకునేవాడు. నలభై ఏళ్ళు తాళాల షాపు నడిపిన మనిషి. తాళంచెవి పోగొట్టుకుని గుమ్మం బయట ఏడుస్తున్నవాళ్ళకి, తెరుచుకునే ఆశ ఏ కోశానా లేని తాళం ముందు కూర్చుని కూడా, "ఇదెంతండీ, రెండు నిమిషాలు" అని ఎన్నిసార్లు చెప్పలేదు! డాక్టరు మాట్లాడుతుంటే ఆయనకు తన గొంతే వినిపించేది.

"ఇంక ఇంజక్షన్లు వద్దు" అని భార్యకి చెప్పేశాడు.

"తగ్గుతోందన్నారు కదండీ డాక్టరుగారు?"

"అది బల్ల మీద పడేసిన మాటే. అసలుదెవరైనా తాళం వేసి దాచుకుంటారు. నలభై ఏళ్ళు చూశాన్నేను, నాకు చెప్పకు."

ఆవిడ వాదించలేదు. "ఇంకొక్కసారి చూపించుకుని మానేద్దురుగాని," అంది.

ఆ ఒక్కసారికి వెళ్ళినప్పుడే, డాక్టరు ఈయన ఫైలు బీరువాలో పెట్టి, తాళం వేసి, తాళంచెవి జేబులో వేసుకోవడం కంటపడింది. 'దొరికావు నాయనా' అనుకున్నాడు.

ఐదింటికి డాక్టరు వార్డులు చూడ్డానికి వెళ్ళాడు. భార్య మందులు తెస్తానని కిందికి దిగింది. ఈయన గదిలోకి జారుకున్నాడు. బీరువాకున్నది పిల్లలు డిబ్బీకి వేసుకునేపాటి తాళం. ఒకప్పుడైతే ఈయన తుమ్మినా ఊడొచ్చేది. కానీ మందు వేళ్ళని మొద్దుబార్చింది. జేబులోంచి తీసి తాళం కన్నంలో పెట్టబోయిన ఇనుప పుల్ల వెళ్ళి చొక్కా కాజాలో దూరింది.

అప్పుడు నర్సు గుర్తొచ్చింది. "నాలుగంకెలు లెక్కపెడుతూ ఊపిరి పీల్చండి, ఆరంకెలు లెక్కపెడుతూ వదలండి, బెదురు తగ్గుతుంది" అని ఆ అమ్మాయి నేర్పబోతే, "పుట్టిన దగ్గర్నుంచీ పీలుస్తూనే ఉన్నానమ్మా, ఇంతవరకూ ఎవరూ తప్పు పట్టలేదు" అని ఎగతాళి చేశాడు. ఇప్పుడు బీరువా ముందు గొంతుక్కూర్చుని, బడిపిల్లాడిలా బుద్ధిగా నాలుగు, ఆరు. తాళం ఊడేసరికి నలభై నిమిషాలైంది.

మిల్లీమీటర్లతో బతికిన మనిషి కనక ఫైల్లో అంకెలు ఇట్టే తెలిశాయి. గడ్డ మొదట్లో యాభై ఆరు, ఇప్పుడు నలభై నాలుగు. డాక్టరు ముఖాన చెప్పిందే, పొల్లు పోకుండా. అయితేనేం, దొంగచాటుగా చదివితే ఆ రుచే వేరు. 'పాపం, పొరపాటున నిజం చెప్పేశాడన్నమాట' అని డాక్టరు మీద జాలిపడ్డాడు.

మర్నాడు భార్యతో, "నీ పోరు పడలేకపోతున్నా. వేయించుకుంటాలే ఇంజక్షను," అన్నాడు. ఆవిడ ఆ ఊసెత్తి నాలుగు రోజులైంది.

ఏప్రిల్లో బీరువాకి కొత్త తాళం పడింది, ఇత్తడిది. డాక్టరుకి అనుమానం వచ్చిందని ఆయనకు భయం వేసింది, కాస్త గర్వంగానూ ఉంది. అది పాతిక నిమిషాల్లో లొంగింది. ఇంటి దగ్గర పాత తాళాలు ఒళ్ళో వేసుకుని వేళ్ళకి పని చెప్పసాగాడు. పారిపోవాల్సి వస్తే పనికొస్తుందని మేడమెట్లు ఎక్కి దిగాడు.

"ఏమిటీ, మారు వడ్డించమంటున్నారు?"

"కాళ్ళల్లో సత్తువ ఉండద్దూ?"

"ఎక్కడికి పరిగెడతారేం?"

ఆయనకు పొలమారింది.

ఇంజక్షను వేసినప్పుడల్లా మూడు రోజులు వాంతులు తప్పేవి కావు. నాలుగు, ఆరు అనుకుంటూ ఓర్చుకున్నాడు. కట్టుకున్నదాన్ని మోసం చేస్తున్నానే అన్న బాధకు మాత్రం ఏ అంకెలూ పనిచేయలేదు.

మే నెలలో మూడో తాళం. బ్యాంకు వాళ్ళు వాడే రకం. పళ్ళబిగువున దాన్నీ తెరిచాడు. ఫైల్లో ఇరవై ఎనిమిది. సగం! కళ్ళు తుడుచుకుని, ఫైలు యథాస్థానంలో పెట్టి తాళం నొక్కాడు. టక్కుమంది.

బయట అడుగుల చప్పుడు.

పరీక్ష బల్ల పక్కనున్న తెర వెనక్కి దూరాడు. ఇంతకాలం ఊళ్ళో వాళ్ళ ఇళ్ళూ వాకిళ్ళూ తన చేతిలో పెట్టి నిశ్చింతగా ఉన్నారు. ఇవాళ్టితో ఆ పేరు గంగలో కలిసినట్టే. అదీ దేనికి? సొంత ఫైలుకి కన్నం వేసిన దొంగ! నాలుగు లెక్కపెట్టి పీల్చి కిందికి చూసుకుంటే, తెర మోకాళ్ళ దాకానే ఉంది.

తలుపు జానెడు తెరుచుకుంది. నర్సు గుసగుసలాడుతోంది.

"ఎంతసేపు పట్టిందమ్మా?"

"పదకొండు నిమిషాలు. పోయిన నెల పాతిక." ఆ గొంతు ఆయన భార్యది.

"వేళ్ళు బాగానే కుదుటపడ్డాయి. వచ్చే నెలకి ఇంకాస్త గట్టి తాళం కొనుక్కురండి," అంటూ నర్సు, లోపలున్న దొంగ ఉలిక్కిపడకుండా, ఆ పూటకి గది తలుపు మెల్లగా దగ్గరికి వేసింది.