పొట్టలు తడిమే కోడలు

సెబతికి ఉన్న పెద్ద భయం ఒకటే: ఏదో ఒక పూట కూతురి ప్లీహం ఉబ్బి, ఒంట్లో రక్తమంతా దాంట్లోకి చేరిపోయి, పిల్ల తన చేతుల్లోనే చల్లబడిపోతుందని.

ఆ భయం నర్సు దీది పెట్టింది. రెండేళ్ల ఝిలికి రక్తంలో సికిల్ సెల్ జబ్బు ఉంది.

“రోజూ పొద్దున్నే ఎడమ పక్కటెముకల కింద తడిమి చూడు. ప్లీహం రెండు వేళ్ల మేర తగులుతుంది. అంతే ఉంటే ఫర్వాలేదు. ఉన్నట్టుండి బల్లలా పెరిగి మనిషి పాలిపోతే మాత్రం పొయ్యి మీద అన్నం పొయ్యి మీదే వదిలేసి రా,” అంది దీది. కొలవడానికి గీతలు గీసిన పుల్ల కూడా ఇచ్చింది.

ఆ పుల్లను ఝిలి రెండో రోజే విరిచేసింది. నేతవాళ్ల ఇంట్లో దారానికేం కొదవ? సెబతి ఒక ఎర్ర నూలుపోగు తీసుకుని వేలికో ముడి చొప్పున ఎనిమిది ముడులు వేసింది. ఏడో తరగతి మధ్యలో బడి మానేసిన పిల్లకు అంకెలకంటే ముడుల మీదే నమ్మకం.

అక్కడితో ఆగితే బాగుండేది. ‘జబ్బు లేని పొట్ట ఎలా ఉంటుందో తెలిస్తేనే కదా తేడా తెలిసేది’ అంటూ వీధి మీద పడింది. మగ్గం గుంటలో ఉన్న మొగుడు ఉద్ధబ్‌ను బయటికి లాగి మరీ తడిమింది. బావి దగ్గర ఆడవాళ్లను వదల్లేదు. పక్కింటి ఘాసిరామ్ ఆటో నడుపుతాడు. అతను తనే వచ్చి అరుగు మీద వెల్లకిలా పడుకున్నాడు.

“ప్లీహం దొరక్కపోతే పోనీ వదినా. పొద్దున తిన్న పఖాళ చద్దన్నం ఎక్కడిదాకా దిగిందో చెప్పు చాలు.”

“నీ పొట్టలో ఏదీ చేతికందదు మరిదీ. పైన అంత పరుపు పరిచి పెట్టుకున్నావు.”

వీధంతా నవ్వుకుంది. ‘పొట్టలు తడిమే కోడలు’ అని పేరు పడిపోయింది.

పొట్ట ఇవ్వనిది ఒక్క మనిషే. అత్త గురుబారి.

“దేవుడు అందరికీ ఒక ప్లీహం పెడితే గురుబారి పెద్దమ్మకు రెండు పెట్టాడు. రెండోది కోపం నిలవ చేసుకోవడానికి,” అనేవాడు ఘాసిరామ్, ఆమెకు వినపడదనుకుని. ఆమె తీరు అలాగే ఉండేది మరి. నాలుగు ముద్దలు తినీ తినకముందే కంచం తోసేసేది. “ఈ వంటకి ఇదే ఎక్కువ,” అనేది. మనవరాలు ఒళ్లోకి ఎక్కితే, “కాళ్లాడించకే దయ్యమా,” అని దింపేసేది. చలి మొదలైతే తన మోకాళ్లతో మొదలుపెట్టి మగ్గాన్ని, కొడుకుని, చచ్చిపోయిన మొగుణ్ని వరసగా తిట్టేది.

“ఒక్కసారి పడుకో అత్తా. నొప్పెట్టదు,” అని సెబతి బతిమాలింది.

“చెయ్యి వేశావంటే విరిచేస్తా. మా వంశంలో లేదీ రోగం. నీ పుట్టింటి నుంచి మోసుకొచ్చావు. వెళ్లి వాళ్ల పొట్టలు తడుముకో.”

“ఇద్దరి వైపు నుంచీ వస్తేనే వస్తుందట అత్తా. డాక్టరు చెప్పాడు.”

“డాక్టరుకేం తెలుసు మా వంశం సంగతి. నన్నడగమను.”

కొత్త బియ్యం తినే నువాఖాయి పండగకి ఇంకా నాలుగు రోజులుంది. మధ్యాహ్నం మగ్గాలు ఆగాయి. నాయనమ్మా మనవరాలూ ఒకే చాప మీద నిద్రపోయారు. సెబతి చప్పుడు కాకుండా వచ్చి మోకాళ్ల మీద కూర్చుంది. పొత్తికడుపు నుంచి వేళ్లను మెల్లగా పైకి జరుపుకుంటూ వచ్చింది.

బొడ్డు దగ్గరే తగిలింది. చెక్క పలకలా గట్టిగా ఉంది. దారం పెట్టి చూసింది. ముడులన్నీ అయిపోయినా బల్ల ఇంకా మిగిలే ఉంది. కనురెప్ప కిందికి లాగి చూస్తే లోపలంతా సున్నం కొట్టినట్టు తెల్లగా ఉంది.

భయపడితే ప్లీహం నీళ్లయిపోతుందంటాం మేము. సెబతిది అలాగే అయిపోయింది.

“లే, ఆటో పిలువు,” అని ఉద్ధబ్‌ను కాలితో ఒక్క తన్ను తన్నింది. మామూలు రోజైతే ఆ తన్నుకి అత్త వారం రోజులు తిట్టేది.

“మళ్లీ దారమేనా వదినా?” అన్నాడు ఘాసిరామ్, ఆటో తిప్పుతూ. “పోయిన నెలా ఇలాగే పరిగెత్తించావు. చివరికి ఉతికిన దారం కుంచించుకుపోయిందని తేలింది.”

సెబతి ఒక చేత్తో ఝిలిని అదుముకుని, రెండో చేత్తో అత్తకు కొంగుతో విసురుతూ కూర్చుంది. గురుబారి మాత్రం దారి పొడుగునా సణుగుతూనే ఉంది.

“వాము నీళ్లతో పోయేదానికి ఆసుపత్రి ఎందుకు? ఊరంతా చూస్తోంది. వెనక్కి తిప్పరా ఘాసీ.”

“నోరు మూసుకో అత్తా,” అంది సెబతి. ఆ ఇంట్లో ఆ మాట పుట్టడం అదే మొదలు.

డాక్టరు పొట్ట మీద చెయ్యి వేశాడు. వేసిన చెయ్యి తీయకుండానే రక్తం తెమ్మని కేకేశాడు. తర్వాత అడిగాడు, “కొలిచిందెవరు?”

సెబతి దారాన్ని గుప్పిట్లో దాచుకుంది.

“దాచుకోకమ్మా. సాయంత్రం దాకా ఆగి ఉంటే తీసుకొచ్చినా లాభం ఉండేది కాదు.”

రెండు సీసాల రక్తం ఎక్కింది. మూడోది ఎక్కుతోంది. రెండు రోజులు మంచం పట్టె వదలని సెబతిని ఈ పొద్దునే బలవంతంగా ఇంటికి పంపించారు.

మీరెవరైనా మా నేతవీధి వైపు వెళితే ఆ పిచ్చిది ఒక్క ముద్దయినా తిన్నదో లేదో చూసి రండి, కానీ ఈ రక్తం సీసా కింద పడుకుని నేను, దాని అత్త గురుబారిని, అడిగానని మాత్రం చెప్పకండి.