మూడో కనుమ

"ఇంత ఆలస్యమా మరిదిగారూ? దుంపలు చల్లారిపోయాయి," అంది వదిన, రాతి మీద కూర్చుని డబ్బా మూత తీస్తూ.

మరిది సైకిలును కంకరలో పడేసి, తనూ దాని పక్కనే పడ్డాడు. రొట్టెల బట్టీలో పనిచేసేవాడికి వేడి అలవాటే గానీ, ఈ కనుమ ఎక్కడం మాత్రం ఊపిరితిత్తుల్ని బయటికి లాగి ఎండలో ఆరేసినట్టుంది. ఉప్పు చల్లిన దుంపలు రెండు లోపలికి వెళ్లాక గానీ అతనికి మాట రాలేదు.

"ఇవాళ క్వారీ లారీ తొందరగా దొరికిందేమిటి వదినా?"

"తింటూ మాట్లాడితే పొలమారుతుంది. ముందు తిను."

తిన్నాడు. వదిన మాట కాదంటే ఏమవుతుందో ఆ ఇంట్లో అన్నయ్యకే తెలియదు, ఎప్పుడూ కాదనలేదు కనుక.

సైకిలు పోటీకి ఇంక మూడు వారాలుంది. మూడు కనుమలు, మొత్తం కంకర దారి, పది గంటల గడువు. మరిది రెండేళ్లుగా దిగుతున్నాడు, రెండేళ్లుగా మూడో కనుమలోనే చతికిలబడుతున్నాడు. మొదటి ఏడు కళ్లు తిరిగి పడితే కంకర లారీలో దించారు. రెండో ఏడు కనుమ ఎదురుగా కనిపిస్తుండగా కాళ్లు మొరాయించాయి. అప్పటినుంచి వీధిలో అతని పేరే మూడో కనుమ. రొట్టెల కోసం వచ్చిన పసివాళ్లు కూడా, "మూడో కనుమ మావయ్యా, రెండు బన్నులు," అంటున్నారు. ఈసారైనా గడువులోపల చేరకపోతే ఆ పేరు ఇంక చచ్చేదాకా ఊడదు.

సైకిలు షాపు మేస్త్రీ అతనికి గురువు. రోగం ఎక్కడుందో ఆయన ముందే కనిపెట్టాడు.

"నీ కాళ్లకేం లోటు లేదురా. తంటా అంతా కడుపుతోనే. జేబునిండా తిండి పెట్టుకుంటావు, తినడం మర్చిపోతావు. నిన్ను కూర్చోబెట్టి తినిపించేవాళ్లు ఒకరుండాలి."

అందుకే మూడు నెలలుగా ప్రతి ఆదివారం, అతను కనుమ ఎక్కేసరికి వదిన డబ్బాతో సిద్ధంగా ఉంటోంది. తినిపించి, "నువ్వు పద, నేను డబ్బా సర్దుకుని వస్తాను," అని పంపించేస్తుంది. ఆ మూడు నెలల్లో ఒక్కసారి కూడా అతనికి కళ్లు తిరగలేదు.

పోటీకి వారం ముందు మేస్త్రీ నియమాల కాగితం పట్టుకుని ఇంటికి వచ్చాడు. వదిన కుట్టుమిషను తొక్కుతూ మరిది పోటీ చొక్కాకి జేబులు కుడుతోంది. మేస్త్రీ కళ్లజోడు సర్దుకుని చదివాడు.

"ఈ ఏడు కొత్తగా ఒకటి పెట్టార్రా. దారిలో బయటివాళ్లెవరూ తిండీ నీళ్లూ అందించకూడదట. అందిస్తే పోటీదారు పేరు కొట్టేస్తారట. పోటీదారులైతే ఒకరికొకరు ఇచ్చుకోవచ్చట."

"ఎవడిస్తాడు? ఎవడి ఆకలి వాడిది," అన్నాడు మరిది. బట్టీలోంచి పొరపాటున ముందే తీసిన రొట్టెలా అతని మొహం కుంగిపోయింది. "అయిపోయింది మేస్త్రీ. నేను మూడో కనుమనే."

మిషను ఆగింది.

"ఏదీ, ఆ కాగితం ఇలా ఇవ్వండి అన్నయ్యగారూ," అంది వదిన. చదివి, మడిచి, మిషను సొరుగులో పెట్టింది. "నీ తిండి సంగతి నేను చూసుకుంటాలే."

"వద్దొదినా. వాళ్ల కంటపడితే పేరు కొట్టేస్తారు."

"జేబులు పెద్దవి కుడతానంటున్నాను. వాటిలో పెట్టుకో."

"పెట్టుకుంటాను. తిననుగా."

మేస్త్రీ నవ్వాడు. వదిన నవ్వలేదు. మిషను మళ్లీ కదిలింది.

పోటీ రోజు పొద్దున మంచు దట్టంగా కురిసింది. రెండు వందల హెల్మెట్లలో ఎవరు ఎవరో తెలియలేదు. మరిది మొదటి కనుమ ఈల వేసుకుంటూ దాటాడు, రెండోది పళ్లు బిగించి దాటాడు. మూడో కనుమ చివరి మలుపుకి కళ్లముందు చుక్కలు మొదలయ్యాయి. జేబుల్లో తిండి పెట్టింది పెట్టినట్టే ఉంది.

తల ఎత్తితే, అదే రాతి మీద వదిన. అన్నయ్య పాత వానకోటు గొంతుదాకా గుండీలు పెట్టుకుని, ఒళ్లో డబ్బాతో.

"ఇంత ఆలస్యమా మరిదిగారూ?"

"వదినా, ఎవరైనా చూస్తే..."

"చూడనీ."

వద్దనడానికి తెరిచిన నోట్లో దుంప పడింది. రెండోది దానంతటదే వెళ్లింది. నాలుగో దుంపకి చుక్కలు మాయమై కొండలు కనిపించాయి.

"ఇంక పద. డబ్బా సర్దుకుని వస్తాను."

తొమ్మిది గంటల నలభై ఆరు నిమిషాలకు మరిది గీత దాటాడు. బట్టీవాళ్లు అతన్ని భుజాలమీదికి ఎత్తుకున్నారు. మేస్త్రీ తన కళ్లజోడు ఎక్కడ పడిందో కూడా చూసుకోకుండా గంతులేశాడు. "ఒరే, వీడికి కొత్త పేరు పెట్టండ్రా," అని ఎవరో అరిచారు. ఆ గోలలో పోటీ అధికారి జనాన్ని తోసుకుంటూ వచ్చాడు.

"నువ్వు కిందికి దిగు బాబూ. మూడో కనుమలో కోటావిడ ఎవరో నీకు తినిపించిందట. ఇరవై నిమిషాలు నీ కోసమే కాచుకుని కూర్చుందట. మావాడు కిందనుంచి దుర్భిణిలో చూశాడు. నిజమేనా?"

గంతులు ఆగిపోయాయి. మరిది భుజాలమీంచి దిగాడు.

"నిజమే సార్. మా వదిన. ఆవిణ్ణి ఏమీ అనకండి, నా పేరు కొట్టేసుకోండి."

"ఎక్కడావిడ?"

"ఇక్కడున్నానండీ," అంటూ వదిన జనంలోంచి ముందుకొచ్చింది. కనుబొమల దాకా దుమ్ము కొట్టుకుపోయి ఉంది.

"బయటివాళ్లు అందించకూడదని నియమం ఉంది. తెలియదామ్మా?"

"తెలుసండీ. రెండుసార్లు చదివాను."

వదిన కోటు గుండీలు విప్పింది. లోపల చొక్కా మీద పోటీ నంబరు ఉంది.